కొత్త తరం ట్రాలీ బండ్లు: నయాపూల్‌లో వినిపించే మాటలు, అసలు సంగతులు

హైదరాబాద్ నయాపూల్‌కు ఇటు అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్, బేగంబజార్. అటు మదీనా, పత్తర్‌గట్టి, మీరాలం మండి. ఈ ఇరుకు బజార్లలో సరుకు తిరిగేది పెద్ద లారీల మీద కాదు, టాటా ఏస్, బొలేరో పికప్, దోస్త్, జీతో లాంటి చిన్న బండ్ల మీదే. 2005 మేలో మొదటి ఏస్ వచ్చినప్పుడు దాని ఇంజన్ శక్తి 16 హార్స్‌పవర్. ఆ చిన్న బండే ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. ఇప్పుడు కొత్త తరం వంతు. 2024 సెప్టెంబరులో మహీంద్రా వీరో, 2025 జనవరిలో అశోక్ లేలాండ్ సాథీ, అదే ఏడాది జూన్‌లో టాటా ఏస్ ప్రో వచ్చాయి. ఇంకా కొత్తవి వస్తాయన్న ఎదురుచూపు ఉంది. దాంతోపాటే సగం నిజాలూ తిరుగుతున్నాయి. నాలుగైదేళ్ల పాటు కిస్తీలు కట్టాల్సిన మనిషి ఆ మాటలు నమ్మి నిర్ణయం తీసుకుంటే నష్టపోయేది ఇల్లే. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

అపోహ: కాస్త ఆగితే కొత్త మోడల్ సగం ధరకే వస్తుంది.

ఏస్ ప్రో పెట్రోల్ బండి విడుదలైనప్పుడు ఎక్స్-షోరూమ్ ధర 3.99 లక్షలు. ఈ మాట పుట్టింది ఆ అంకె నుంచే. కానీ అది 750 కిలోలు మోసే బండి ధర. టన్నున్నర పైన మోసే వీరో 7.99 లక్షల దగ్గర మొదలైంది. రెండూ ఒకే పని చేసే బండ్లు కావు. నిజంగా ధరలు దించింది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు కొత్త మోడల్‌కే కాదు, షోరూమ్‌లో ఇప్పటికే ఉన్న మోడల్‌కూ వర్తిస్తుంది.

ప్రదర్శనలో చూపించిన ప్రతి బండీ రేపు అమ్మకానికి వస్తుందనుకోవడం కూడా ఇలాంటిదే. మహీంద్రా 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో గ్లోబల్ పికప్‌ను చూపించింది. అది కాన్సెప్ట్, అంటే నమూనా. దాన్ని నమ్ముకుని ఉన్న బండి అమ్మేసుకుంటే రోజు కిరాయి పోతుంది.

అపోహ: కంపెనీ 750 కిలోలంటే 1,500 వేసుకోవచ్చు. వెనక స్ప్రింగ్ పట్టీ ఒకటి ఎక్కువ వేయిస్తే చాలు.

అన్నింటిలోకీ ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది లోడ్‌తో కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మోయదగిన బరువు. డ్రైవరు, పక్కన కూర్చున్న హమాలీ, ఎత్తు పెంచి కట్టించిన బాడీ, టార్పాలిన్, తాళ్లు అన్నీ ఆ మొత్తంలోకే వస్తాయి. ఉస్మాన్‌గంజ్‌లో 25 కిలోల బియ్యం బస్తాలు ముప్పై ఎక్కించేసరికే 750 కిలోలు అయిపోతాయి. ముప్పై బస్తాలు చూడటానికి పెద్ద లోడ్‌లా కనిపించవు. అందుకే ఇంకో ఇరవై పడతాయి.

పట్టీ వేయిస్తే బండి వెనక కుంగదు, అంతే. యాక్సిల్, హబ్ బేరింగులు, బ్రేకులు, టైర్లు మాత్రం పాతవే. బరువు ఒకటిన్నర రెట్లయితే, అదే వేగంలో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు ఒకటిన్నర రెట్ల శక్తిని వేడిగా మార్చాలి. అవి అంత వేడికి తయారైనవి కావు. ఓవర్‌లోడ్ బండి ఎత్తు ఎక్కుతుంటే దగ్గర నుంచి చూడండి. వెనక టైర్ల పక్కలు ఉబ్బుతాయి, ముక్కు పైకి లేస్తుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ పట్టు వదులుతుంది. పట్టీ ఎక్కువేసిన బండిలో ఆ కుంగుడు కంటికి కనిపించదు. ప్రమాదాన్ని ముందే చెప్పే ఒక్క గుర్తునూ ఆ పట్టీ దాచేస్తుంది.

చట్టం సంగతీ గట్టిదే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున కట్టాలి. ఎక్కువైన సరుకును దింపించే ఖర్చూ తప్పదు. రోజూ టన్ను సరుకు దొరికే గిరాకీ ఉంటే 750 కిలోల బండి కొని పట్టీలు వేయించడం కాదు, మొదటే టన్ను బండి కొనుక్కోవాలి. ఈ మాట షోరూమ్‌లో ఎవరూ గట్టిగా చెప్పరు.

అపోహ: బ్యాటరీ బండి లోడ్ లాగదు, మధ్యలో ఆగిపోతుంది.

లాగుతుంది. కదిలిన క్షణం నుంచే పూర్తి లాగుడు బలం ఇవ్వడం ఎలక్ట్రిక్ మోటారు స్వభావం. అడుగడుగునా ఆగి కదిలే మదీనా చౌరస్తాకు అది బాగా పనికొస్తుంది. ఏస్ ప్రో ఎలక్ట్రిక్ కూడా 750 కిలోలే మోస్తుంది. 2024లో వచ్చిన ఏస్ ఈవీ 1000 అయితే టన్ను మోస్తుంది.

దూరం మాత్రం లెక్క వేసుకోవాల్సిందే. ఏస్ ప్రో ఎలక్ట్రిక్‌కు పరీక్షలో వచ్చిన దూరం 155 కిలోమీటర్లు. నిండు లోడ్‌తో, మే నెల ఎండలో అంత రాదు. నయాపూల్ నుంచి శంషాబాద్ వెళ్లి రావడం యాభై కిలోమీటర్ల లోపే కాబట్టి నిశ్చింతగా వెళ్లి రావచ్చు. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాద్‌కు వెళ్తే అక్కడ ఛార్జింగ్ పెట్టకుండా తిరుగు ప్రయాణం కుదరదు. అసలు చిక్కు రాత్రిపూట. పాతబస్తీ గల్లీలో బండి ఇంటి ముందు నిలిపే చోటు, అక్కడికి కరెంటు లైను లేకపోతే ఈ బండి ఇబ్బంది పెడుతుంది. చోటుంటే లాభమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఎలక్ట్రిక్ చిన్న సరుకు బండ్లకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు.

అపోహ: బీఎస్-6 కాలుష్య నిబంధనలతో చిన్న బండ్లలో డీజిల్ పోయింది.

పోలేదు. 2025 సెప్టెంబరులోనే టాటా 5.52 లక్షలకు ఏస్ గోల్డ్ ప్లస్ డీజిల్‌ను తెచ్చింది. పదేళ్లు దాటిన డీజిల్ బండిని పట్టుకుపోతారన్న భయం ఢిల్లీ ప్రాంతానికి ఇచ్చిన ఆదేశాల వల్ల పుట్టింది. హైదరాబాద్‌లో బండి తిరగాలంటే ఫిట్‌నెస్ ఉండాలి. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి.

అపోహ: ఇకపై ప్రతి కొత్త బండికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి.

2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన ఆ నిబంధన మూడున్నర టన్నుల మొత్తం బరువు దాటిన లారీలకే. చిన్న ట్రాలీలకు లేదు. ఎండంతా క్యాబిన్‌లోనే గడిపే ఈ డ్రైవర్లనూ అందులో చేర్చి ఉండాల్సింది.

అపోహ: కారు లైసెన్సుతో పసుపు నంబరు ప్లేటు బండి నడిపితే ఇన్సూరెన్స్ రాదు.

ఈ భయంతో ఎందరో దళారులకు డబ్బు పోశారు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి తేల్చేసింది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ, అంటే కారు లైసెన్సుతో నడపవచ్చు, విడిగా ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. ఏస్, వీరో, బొలేరో పికప్ అన్నీ ఈ హద్దులోనివే. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ కూడా అవసరం లేదు.

అపోహ: ఇవన్నీ ఎక్కడో పుణెలో తయారవుతాయి, మన దగ్గర ఏమీ లేదు.

జహీరాబాద్‌లో 1980ల్లోనే హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి చిన్న ట్రక్కులు తయారుచేసింది. 1989లో అది మహీంద్రా చేతికి వెళ్లింది. 2015లో వచ్చిన జీతో అక్కడ తయారైనదే. ఇసుజు డీ-మాక్స్ పికప్‌లు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి వస్తాయి.

అపోహ: బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా, వెనక జనాన్ని ఎక్కించినా ఏమైనా అయితే కంపెనీ ఇస్తుంది.

పెళ్లిళ్లకు, దర్గాలకు, జాతరలకు ట్రాలీ మాట్లాడుకునేవాళ్లు ఈ ధీమాతోనే పిల్లల్ని, ముసలివాళ్లను ఎక్కిస్తారు. సరుకు బండి పాలసీ రక్షణ సరుకుతో పాటు వెళ్లే ఆ సరుకు యజమానికి లేదా ఆయన పంపిన మనిషికి ఉంటుంది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీకి ఉండదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ఆ భారం బండి యజమాని మీదే పడుతుంది. కొత్త తరం బండ్లలో ఎయిర్‌బ్యాగ్ వచ్చినా అది క్యాబిన్‌లో డ్రైవరు ముందు ఉంటుంది. వెనక నిలబడినవారికి పట్టుకోవడానికి ఇనుప అంచు తప్ప ఏమీ లేదు. ఆర్‌సీలో సీట్ల సంఖ్య రాసి ఉంటుంది. ఏస్ లాంటి బండికి అది డ్రైవరుతో కలిపి ఇద్దరు.