అభిమానులు నిర్మించుకొన్న జట్టు

ఊరిపేరు మోసే ఆటజట్టు యజమాని సొత్తా? ఊరివారి సొత్తా? 2002లో లండను నగరంలోని వింబుల్డన్ వాసులకు ఈ ప్రశ్న ఎదురైనది. వారి ఫుట్‌బాల్ జట్టును సుమారు 90 కిలోమీటర్ల దూరాన ఉన్న మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి అనుమతి లభించినది. అభిమానులు తామే యజమానులై మరొక జట్టును నెలకొల్పుకొన్నారు. ఊరి బయలులో యువకులను పరీక్షించి ఆటగాళ్లను ఎన్నుకొన్నారు. క్రింది శ్రేణిలో ఆరంభమైన ఆ జట్టు క్రమక్రమంగా పైకి వచ్చినది.

2011 మే 21న మాంచెస్టరులో లూటన్ జట్టుతో నిర్ణాయక పోటీ. అదనపు సమయం ముగిసినా ఒక్క గోలూ లేదు. పెనాల్టీలలో వింబుల్డన్ 4-3 గోల్సుతో గెలిచి ఫుట్‌బాల్ లీగులో ప్రవేశించినది. లోకం దృష్టిలో అది క్రింది శ్రేణి జట్టు గెలుపు మాత్రమే. అభిమానులకో, లీగు పట్టికలో తమ ఊరిపేరు తిరిగి చేరిన దినం. తొమ్మిదేండ్లనాటి ప్రశ్నకు వారి సమాధానం అదే.