దెబ్బ ముందే కనబడాలి: గేముల్లో పోరాటంపై అపోహలు, వాస్తవాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న పాత చిత్తూరు జిల్లాలో ధర్మరాజు గుళ్ల దగ్గర భారతం జరిగితే, చివర్లో దుర్యోధన వధ చూడడానికి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా వస్తారు. మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ నేలమీద పడుకొని ఉంటుంది. దాని చుట్టూ ఇద్దరు వేషగాళ్లు గదలతో తిరుగుతారు. అడుగు వెనక్కి వేయడం, గద ఎత్తడం, ఊపు తీసుకోవడం అన్నీ గుంపు చివర నిలబడ్డవాడికీ తెలుస్తాయి. దెబ్బ వస్తోందని తెలుసు కాబట్టే ఎదుటివాడు ఏం చేస్తాడోనన్న ఉత్కంఠ. వీడియో గేముల్లో పోరాటానికీ ఇదే పునాది. శత్రువు ఏం చేయబోతున్నాడో కనబడాలి, మనం వేసే దెబ్బకు మనమూ కొంత చెల్లించాలి, ఓడితే ఎందుకు ఓడామో మనకే అర్థం కావాలి. ప్రచారంలో ఉన్న అపోహలన్నీ ఈ మూడింటినీ వదిలేసి మరెక్కడో గొప్పతనం వెతుకుతాయి.

బొమ్మలు ఎంత సహజంగా ఉంటే పోరాటం అంత బాగుంటుందన్నది అందులో మొదటిది. 1991లో క్యాప్‌కామ్ తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 బొమ్మలు ఇవాళ్టి చవక ఫోన్ గేముల ముందు కూడా వెలవెలబోతాయి. అయినా అందులో గుద్దు తగిలితే బరువు తెలుస్తుంది. కారణం, దెబ్బ తగిలిన క్షణంలో ఇద్దరూ కంటికి ఆనీ ఆనకుండా బిగుసుకుపోతారు. ఆ చిన్న ఆగుడు తీసేస్తే ఎంత రక్తం చూపించినా చెయ్యి గాలిలో ఊపినట్టే ఉంటుంది. ఎన్ని ఎత్తులుంటే అంత లోతు అన్న మాట కూడా నిలవదు. 2013లో వచ్చిన డైవ్‌కిక్‌లో రెండే బటన్లు. ఒకటి ఎగరడానికి, ఒకటి తన్నడానికి; ఒక్క దెబ్బ తగిలితే రౌండ్ అయిపోయినట్టే. అయినా ఎప్పుడు ఎగరాలి, ఎంత దూరంలో ఉండాలి అన్న ఆలోచన తెగదు.

కష్టంగా ఉంటేనే గొప్ప గేమ్ అన్న అపోహను మాత్రం కాస్త నిదానంగా చూడాలి. దీనికి ఉదాహరణగా అందరూ 2019 నాటి సెకిరోను చూపిస్తారు. అది కష్టమే. కానీ శత్రువు కత్తితో కాచుకోలేని దెబ్బ వేయబోయే ముందు ఎర్రటి గుర్తు ఒకటి మెరుస్తుంది. గుచ్చడానికి వస్తే ముందుకు అడుగేసి ఆయుధాన్ని తొక్కిపట్టాలి, కాళ్ల దగ్గర ఊడిస్తే ఎగరాలి, పట్టుకోబోతే తప్పుకోవాలి. గుర్తు ఒక్కటే, వస్తున్నది ఏ దెబ్బో అతని భుజం, కత్తి కదలికల్లో మనమే చదువుకోవాలి. అన్నీ ముందే చెప్పేస్తే ఆట చప్పబడదా అని అడిగేవారికి జవాబు ఇందులోనే ఉంది. కనబడడం వేరు, కనబడినదానికి సమయానికి బదులివ్వడం వేరు. శత్రువు ప్రాణాన్ని రెట్టింపు చేసి 'హార్డ్ మోడ్' అని పేరు పెట్టిన గేమ్ మన ఓపికనే పరీక్షిస్తుంది, తెలివిని కాదు. 2011 నాటి డార్క్ సోల్స్‌లో ఒకసారి కత్తి ఊపితే ఆ ఊపు పూర్తయ్యేదాకా వెనక్కి తీసుకోలేం, స్టామినా కూడా తరుగుతుంది. చచ్చిపోయినవాడికి తన తొందరపాటే కనబడుతుంది.

ఇదంతా కన్సోల్ ఉన్నవాళ్ల మాట, మన ఊళ్లలో ఆడేది ఫోన్‌లోనే, బీజీఎంఐ లాంటి తుపాకీ ఆటలో వెనకనుంచి ఎవడో కాలిస్తే ఏ సూచన కనబడిందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అక్కడ సూచన కంటికే కాదు, చెవికీ అందుతుంది. అడుగుల చప్పుడు, తుపాకీ మోత వచ్చిన దిక్కు, చిన్న మ్యాప్‌లో గుర్తు, కుంచించుకుపోయే వలయం కలిసి శత్రువు ఎక్కడినుంచి రావచ్చో చెబుతూనే ఉంటాయి. ఆ ఆట నైపుణ్యంలో పెద్ద భాగం ఆ సమాచారాన్ని పోగుచేసుకోవడమే. ఫోన్ గేముల్లో అసలు లోపం డబ్బుతో నియమాన్ని కదిలించడంలో ఉంది. బీజీఎంఐలో తుపాకీ స్కిన్ మారితే రూపమే మారుతుంది, దెబ్బ బలం మారదు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో కొన్ని స్కిన్లు తుపాకీ గుణాలనే మారుస్తాయి. గదాయుద్ధంలో నాభి కింద కొట్టకూడదన్న నియమం ఇద్దరికీ ఒక్కటే కాబట్టే, భీముడు దుర్యోధనుణ్ణి తొడమీద కొట్టినప్పుడు బలరాముడు మండిపడ్డాడు. కొనుక్కున్న స్కిన్ చేతిలో ఓడిన పిల్లవాడికి ఎవరిమీద మండిపడాలో కూడా తెలియదు. ఎదుటివాడి గురి బాగుందో, తుపాకీ మెరుగైనదో తేల్చుకోలేనప్పుడు, తర్వాతి ఆటకు అతను దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.