మీకు తెలుసా? మూడక్షరాల ముఖచిత్రం

కోల్‌కతాలో 1961లో మొదలైన ఒక సాహిత్య పత్రికకు ముఖచిత్రాలు వేసింది సినీ దర్శకుడు సత్యజిత్ రాయ్! పత్రిక పేరు 'ఎక్ఖొన్', అంటే 'ఇప్పుడు'. సంపాదకులు నటుడు సౌమిత్ర చటర్జీ, నిర్మాల్య ఆచార్య.

బెంగాలీ లిపిలో ఆ పేరుకు మూడే అక్షరాలు: ఏ, క్ష, ణ. రాయ్ ఆ మూడింటినే బొమ్మగా మలిచారు. సంచిక మారితే అక్షరాల ఒంపు మారేది, బరువు మారేది, అమరిక మారేది. పేరు మాత్రం అదే. ఒకే రాగాన్ని రోజుకో మనోధర్మంతో పాడే విద్వాంసుడే నాకు గుర్తొస్తాడు.

మధ్యలోని 'క్ష'ను కాస్త దగ్గరగా చూడండి. మన లిపిలో 'క' స్పష్టంగా కనిపిస్తుంది, 'ష' వత్తుగా చేరుతుంది. బెంగాలీలో రెండూ కలిసిపోయి, ఏది ఏదో విడదీయలేని కొత్త ఆకారం వస్తుంది. చిత్రకారుడికి అదొక వరం.

రాయ్‌కి ఈ నేర్పు ఊరికే రాలేదు. 1943 నుంచి డి.జె. కీమర్ ప్రకటనల సంస్థలో, ఆపై సిగ్నెట్ ప్రెస్ పుస్తకాల అట్టల మీద ఆయన అక్షరాన్ని సాధన చేశారు. 'రే రోమన్' అనే ఇంగ్లిషు అక్షరశైలి కూడా ఆయన రూపకల్పనే.