పెరటిలో నత్తలు – భయం వద్దు, జాగ్రత్త కావాలి

వర్షాలు పడగానే మన ఉంగుటూరు పరిసరాల్లో బచ్చలి పాదుల మీద, తోటకూర మళ్ళలో గుల్ల లేని నత్తలు కనిపిస్తాయి. వీటిని ఇంగ్లీషులో స్లగ్ అంటారు. కొందరు జలగ అనుకొని భయపడతారు. ఇవి కరవవు, రక్తం పీల్చవు.

వీటి వల్ల ఉపయోగం ఏమిటి?
కుళ్ళిన ఆకులను తిని ఎరువుగా మారుస్తాయి. కప్పలకు, బాతులకు, జెముడు కాకికి ఆహారం అవుతాయి. కొల్లేరులో ముక్కు మధ్య సందు ఉండే కొంగలకైతే నీటి నత్తలే ముఖ్యమైన తిండి. అయితే లేత నారును రాత్రిపూట కొరికివేసేది కూడా స్లగ్గులే. పెద్ద ఆఫ్రికా నత్త మాత్రం మన నేలది కాదు. బెన్సన్ అనే ఆయన 1847లో మారిషస్ నుండి కలకత్తాకు తెచ్చాడు.

ఆరోగ్యానికి ప్రమాదం ఎక్కడ?
ఎలుక ఊపిరితిత్తుల్లో ఉండే ఒక నులిపురుగు పిల్లలు ఎలుక పెంటికల ద్వారా నత్తల్లో చేరతాయి. ఆ నత్తను పచ్చిగా మింగినా, చిన్న నత్త అంటిన ఆకును కడగకుండా తిన్నా అవి మన మెదడు పొరలకు చేరి వాపు కలిగిస్తాయి. ఇది అరుదైన జబ్బే కానీ కేరళలో కేసులు నమోదయ్యాయి. ఆస్ట్రేలియాలో 2010లో ఒక యువకుడు స్నేహితులతో సరదాకు స్లగ్‌ను మింగి, మంచాన పడి 2018లో మరణించాడు.

తల్లులకు మా సలహాలు:
1. ఆకుకూరలను ఒక్కొక్క ఆకుగా, ధారగా పడే నీటిలో కడిగి, బాగా ఉడికించండి. ఉప్పునీటిలో ముంచి తీస్తే చాలదు. పచ్చిగా తినే కొత్తిమీర విషయంలో మరింత జాగ్రత్త.
2. నత్తగుల్లల కూర తినేవారు బాగా ఉడికించి తినండి. మందు అని ఎవరు చెప్పినా పచ్చి నత్త మింగవద్దు.
3. సాయంత్రం తడి గోనెసంచి మడిలో పరచండి. తెల్లవారేసరికి నత్తలు దాని కింద చేరతాయి. చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి ఏరి, ఉప్పునీటి బకెట్టులో వేయండి. మట్టిలో ఉప్పు చల్లితే మొక్కలే చస్తాయి.
4. నత్తల మందు గుళికలు పిల్లలకు, కుక్కలకు విషం. అందకుండా దాచండి.
5. ఇంటి చుట్టూ ఎలుకలు చేరకుండా చూడండి.

ఇలా తిన్న 1 నుండి 3 వారాల్లో తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, ఒంటిపై చురుకులు ఉంటే ఆలస్యం చేయకండి. సొంతంగా నులిపురుగుల మాత్ర వేయక, వెంటనే ఆసుపత్రికి రండి. బిడ్డ నత్తను నోట్లో పెట్టుకున్న సంగతి డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. మేము మిమ్మల్ని కోప్పడము. ఆ ఒక్క మాటతో జబ్బును త్వరగా గుర్తించవచ్చు.