పేట దాకా రాని మానసిక వైద్యం

మనోవ్యాధి అనే మాటెత్తితే మన ఉద్యమాల్లో చాలామందికి అనుమానం. ఆ అనుమానానికి కారణం వుంది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోతే, దానికి వివక్ష కారణం కాదు, సొంత నిరాశే కారణమని రూపన్‌వాల్ కమిషన్ రాసింది. కులం చేసిన గాయాన్ని మనిషి బలహీనత కింద జమకట్టడానికి 'మానసిక సమస్య' అన్న మాట ఎంత బాగా పనికొస్తుందో అప్పుడు చూశాం. అలాగని ఆ మాటని మనమూ వదిలేస్తే నష్టం ఎవరికి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దళిత పేటల్లో నిద్దరపట్టక, తిండి సయించక, ఎవరికి చెప్పుకోవాలో తెలీక వున్నవాళ్ళకి. అందుకే ఈ మధ్య పరిశోధనలు ఏం తేల్చాయో మనమే చదివి, మన వైపు నుంచి బేరీజు వేసుకోవాలి.

ముందు కులం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007-08లో మన దేశంలోని ఆరు రాష్ట్రాల్లో సేకరించిన సమాచారం మీద ఆశీష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో ఒక పత్రం ప్రచురించారు. పై కులాల హిందువుల కంటే దళితులూ ముస్లింలూ దిగులు, ఆందోళన ఎక్కువగా చెప్పుకున్నారు. ఆస్తినీ చదువునీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. పేదరికం పోతే అన్నీ పోతాయనే వాదన ఇక్కడ సగమే నిలబడుతుంది. 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. డిప్రెషన్ వున్నవాళ్ళలో నూటికి 85 మందికి వైద్యమే అందడం లేదని ఆ సర్వే చెప్పింది.

మన వైపు ఈ జబ్బు ఆ పేరుతో రాదు. "గుండె దడగుంది", "ఒళ్ళు లాగేస్తంది", "నరాల నీరసం" అంటూ వస్తుంది. ఆర్.ఎం.పి. ఒక సెలైనూ, ఒక బలం ఇంజక్షనూ ఇస్తాడు. తగ్గకపోతే చిల్లంగి పెట్టారంటారు. ఆ అనుమానం తిరిగి తిరిగి పేటలోనే దిక్కులేని ఏ ముసలమ్మ మీదకో పోతుంది. మనిషి కేకలేసే దశకొచ్చాక అప్పుడు విశాఖపట్నం. 1870లలో వాల్తేరులో పెట్టిన ప్రభుత్వ మానసిక ఆసుపత్రిని మనవాళ్ళు ఇప్పటికీ పిచ్చాసుపత్రి అనే అంటారు. ఇచ్ఛాపురం నుంచి అక్కడికి రెండొందల కిలోమీటర్ల పైనే. రోగికి తోడు ఇంకో మనిషి వెళ్ళాలి. ఇద్దరి కూలీ పోతుంది, బస్సు ఛార్జీలు వేరే. రెండోసారి మందులకి వెళ్ళరు.

వెళ్ళకపోతే ఏమవుతుంది? లేని మాటలు వినబడటం, అందరూ తనకి కీడు తలపెట్టారనుకోవడం - దీన్ని స్కిజోఫ్రెనియా అంటారు. 2012లో లాన్సెట్ పత్రికలో 65 ప్రయోగాలు కలిపి లెక్కకట్టారు. మందు వాడుతూ వున్నవాళ్ళలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది నూటికి 27 మందికి. మందు ఆపి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో 64 మందికి. వణుకు, బరువు పెరగడం లాంటి ఇబ్బందులు నిజమే. అందుకు డోసు మార్చమని, మందు మార్చమని డాక్టర్ని గట్టిగా అడగాలి. "ఇదంతా వ్యవస్థ తెచ్చిన జబ్బు" అని మాత్రలు మాన్పించే మిత్రులు ఈ రెండు అంకెలూ చూడాలి.

డిప్రెషన్ కథ కొంచెం వేరు. అక్కడ మాట కూడా మందే. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ వున్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది విడతలు కూచుని మాట్లాడించారు. మనిషి మానేసిన చిన్న చిన్న పనుల్ని మళ్ళీ ఒక్కొక్కటే మొదలుపెట్టించడం అందులో కీలకం. 2017లో వచ్చిన ఫలితాల్లో మూడు నెలలకి నూటికి 64 మంది తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో తేరుకున్నది 39 మంది.

మన రాష్ట్రంలోనే ఇంకో ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 30 ఆదివాసీ గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆశా కార్యకర్తలకి ట్యాబులిచ్చి ఇంటింటికీ పంపారు. ఆశా అడిగి రాసుకున్న వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకి చేరేవి. అంతకుముందు, జబ్బు లక్షణాలు వున్నవాళ్ళలో వైద్యం దొరికింది నూటికి ఒక్కరికి కూడా కాదు. ఆ తర్వాత అది 12 దాటింది. పెరుగుదలే, కాదనలేం. కానీ మిగతా 87 మందీ ఏరి? తర్వాత పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ ఇంతకన్నా పెద్ద ప్రయోగం చేసి 2024లో ఫలితాలు ప్రచురించారు. ఈ సేవ అందినచోట ఏడాదికి సుమారు నాలుగింట మూడొంతుల మంది తేరుకుంటే, అందనిచోట సగం మంది తేరుకున్నారు.

ఇక్కడే మనం అడగాల్సింది వుంది. ట్యాబు పట్టుకొచ్చే ఆశాది ఏ కులం? పేటలోకొచ్చి అరుగు మీద కూచుంటుందా, వీధి మొదట నిలబడి కేకేస్తుందా? ఊళ్ళో పడ్డ అవమానాన్ని ఆ ఊరి మనిషి దగ్గరే ఎవరు చెప్పుకుంటారు? టెన్త్ చదివిన పేట పిల్లకే ఆ శిక్షణ ఇచ్చి, సరైన జీతం ఇవ్వమనాలి. డాక్టర్లు కానివాళ్ళు ఈ పని చెయ్యగలరని గోవా చూపించిందిగదా.

ఇంకో సంగతి మనకే తగులుతుంది. 2012 జూన్ 12న లక్షింపేటలో - అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం - మద్దువలస ముంపు భూముల తగాదాలో ఐదుగురు దళితుల్ని చంపారు. అలాంటి చోటికి నిజనిర్ధారణ కమిటీలుగా వెళ్ళేది మనమే. ఘోరం జరిగిన వెంటనే ఒక్కసారి అంతా చెప్పించేస్తే బరువు దిగుతుందనేది పాత నమ్మకం. అది తర్వాతి మానసిక గాయాన్ని ఆపదని కాక్రేన్ సమీక్ష 2002లోనే తేల్చింది. కేసుకి వాంగ్మూలం కావాలి, తప్పదు. కానీ భర్తని పోగొట్టుకున్న మనిషి చేత పది కమిటీలూ పదిసార్లు చెప్పించనక్కర్లేదు. ఒకరు రాసుకుని మిగతావాళ్ళకి ఇవ్వొచ్చు. నెల దాటినా నిద్దరపట్టనివాళ్ళు, ఉలిక్కిపడి లేచేవాళ్ళు ఎవరో చూడ్డానికి మళ్ళీ వెళ్ళాలి. వైద్యం అవసరం అప్పుడు బయటపడుతుంది. అప్పటికి కమిటీలు వెళ్ళిపోయుంటాయి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో వుంది. దూరాభారం లేకుండా ఇంటికి దగ్గర్లో వైద్యం అందాలనీ, దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి అది ఉచితమనీ 18వ సెక్షన్ చెబుతోంది. అత్యవసర మందుల జాబితాలో వున్నవి కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పై ప్రభుత్వ ఆసుపత్రులన్నింట్లో ఎప్పుడూ దొరకాలి. రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. 2022 అక్టోబర్ నుంచి 14416 నెంబరుకి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. చావాలనిపించేంత దిగులున్నవాళ్ళకి ఆ నెంబరు ఇవాళే చెప్పాలి. మన మండలం ఆసుపత్రిలో రిస్పెరిడోన్ మాత్రలు వున్నాయో లేవో రేపే వెళ్ళి అడగొచ్చు. లేవంటే, లేవని కాగితం మీద రాసిమ్మనాలి.