నోరులేని జీవుల నోటి వ్యాధులు



మీకు పంటి నొప్పి వచ్చినచో ఏమి చేయుదురు? "అమ్మా, పన్ను నొస్తోంది" అని చెప్పుదురు. అమ్మ మిమ్ములను దంతవైద్యుని వద్దకు తీసికొనిపోవును. కుక్కకు, పిల్లికి అట్లు చెప్పుకొనుటకు మాట లేదు. అందుచేతనే మన పెద్దలు వాటిని నోరులేని జీవులు అనిరి. వాటికి నోరున్నది, నోటిలో పండ్లున్నవి, ఆ పండ్లకు నొప్పియు కలుగును; చెప్పుకొను మాట మాత్రమే లేదు. ఆ నొప్పిని మనము ఎట్లు గుర్తింపవలెనో, పశువైద్యుడు దానిని ఎట్లు నయము చేయునో ఈ వ్యాసములో తెలిసికొందము.

టైగర్ కథ

ముందుగా నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పెదను. మా తాతగారు, నాన్నగారు దిగువ పేరాక్‌లోని ఒక కొబ్బరి తోటలో పని చేసిరి. మా లైను ఇంటి ముందు టైగర్ అను కుక్క ఉండెడిది. నేను కొబ్బరి చిప్పను విసరినచో అది పరుగెత్తి పోయి, నోట కరచుకొని వచ్చి, నా యెదుట కూర్చుండి పటపట కొరికెడిది. అది నాకు గొప్ప వేడుక.

కొంతకాలమునకు టైగర్ గట్టి తిండి ముట్టుట మానెను. గిన్నె దగ్గరకు వచ్చి, వాసన చూచి, వెనుకకు మరలిపోయెడిది. "ముసలిదైపోయిందిరా, అందుకే తినడం లేదు" అని నాన్నగారు అనిరి. అప్పటికి దానికి ఆరేండ్లు మాత్రమే. తరువాత కుడి కంటి క్రింద వాపు వచ్చి, పగిలి, చీము కారెను. ఏదో ముల్లు గ్రుచ్చుకొన్నదని తలచి మేము పసుపు పూసితిమి. వాపు తగ్గెను, మరల వచ్చెను. ఇట్లు నెలలు గడచెను.

చివరకు ఒక పశువైద్యుడు మా తోటకు వచ్చి, దాని పెదవిని పైకెత్తి చూపెను. పై దవడలోని పెద్ద పన్ను నిలువుగా చీలియుండెను. "ఇది కంటి జబ్బు కాదు, పంటి జబ్బు" అని ఆయన చెప్పెను. ఆ పన్నును తీసిన కొన్ని దినములకే టైగర్ గిన్నెను నాకి శుభ్రము చేసెను. అన్ని నెలలు అది నొప్పితో మా మధ్యనే తిరిగెను. మాలో ఒక్కరమైనను పెదవి ఎత్తి చూడలేదు. పైగా, ఆ చిప్పలను విసరినవాడను నేనే.

పాచి, గార, చిగుళ్ల వ్యాధి

మనకు పాలపండ్లు 20, పెద్దయిన తరువాత దంతములు 32. కుక్కపిల్లకు పాలపండ్లు 28. పెద్ద కుక్కకు దంతములు 42. పిల్లికూనకు పాలపండ్లు 26. పెద్ద పిల్లికి దంతములు 30. ఇంచుమించు ఆరు ఏడు నెలల వయస్సు వచ్చునప్పటికి వాటి పాలపండ్లు ఊడి, క్రొత్త దంతములు వచ్చును. చిన్నజాతి కుక్కలలో ఒక్కొక్కప్పుడు పాలపన్ను ఊడకుండగనే దాని ప్రక్కన క్రొత్త పన్ను మొలచును. ఆ రెండింటి సందున తిండి ఇరుకుకొని చిగురు చెడును. కనుక వైద్యుడు ఆ పాలపన్నును తీసివేయును.

ఉదయము లేవగానే నాలుకతో మీ పండ్లను తడిమి చూడుడు. జిగటగా తగులునది పాచి. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా ఉండును. కుక్కలకు, పిల్లులకు కూడ ఇట్లే పాచి పట్టును. దానిని తోమకుండ విడిచినచో, లాలాజలములోని లవణములు చేరి, కొన్ని దినములలోనే అది గట్టిపడి గారగా మారును. పాచి బ్రష్షుతో పోవును, గార పోదు. గరుకైన గార మీద మరింత పాచి నిలుచును.

చిగురు క్రింద చేరిన పాచి వలన చిగురు ఎఱ్ఱబడి, వాచి, ముట్టుకొనిన రక్తము కారును. ఈ దశలో శుభ్రము చేసినచో వ్యాధి పూర్తిగా నయమగును. అశ్రద్ధ చేసినచో పన్నును పట్టియుంచు ఎముక కరగిపోవును. ఏటి ఒడ్డున మన్ను కోసుకొనిపోయిన కొబ్బరిచెట్టును మీరు చూచియుందురు. వేళ్ల చుట్టు మన్ను పోయిన కొలది చెట్టు వాలిపోవును గదా! ఎముక కరగిన పన్ను కూడ అట్లే కదలును. పోయిన ఎముక తనంతట తాను మరల రాదు.

మనకు వచ్చునంతగా కుక్కలకు పిప్పిపండ్లు రావు. వాటికి ఎక్కువగా వచ్చునది ఈ చిగుళ్ల వ్యాధియే. మూడేండ్లు దాటిన కుక్కలలోను, పిల్లులలోను చాలవాటికి ఇది ఎంతో కొంత ఉండును. పిల్లులకు మరియొక బాధ కూడ కలదు. చిగురు అంచున పన్ను కొంచెము కొంచెముగా కరగి గుంట పడును. అది మిక్కిలి నొప్పి కలిగించును. అట్టి పన్నును తీసివేయుటయే దానికి చికిత్స.

నొప్పిని గుర్తించుట ఎట్లు?

కుక్కలు, పిల్లులు తమ నొప్పిని దాచుకొనును. నొప్పి ఉన్నను ఆకలి వలన తినుచునే ఉండును. కాబట్టి "తింటోంది కదా, బాగానే ఉంది" అని తలచుట పొరపాటు. ఈ క్రింది గుర్తులను గమనింపుడు:

• నోటినుండి దుర్వాసన. కుక్క నోరు కంపు కొట్టుట సహజమని చాలమంది అనుకొందురు. అది సహజము కాదు, వ్యాధికి మొదటి గుర్తు.
• నోటిలోని తిండి జారి పడుట, ఒక ప్రక్కనే నములుట, గిన్నె దగ్గరకు వచ్చి వెనుకకు పోవుట.
• చొంగ కారుట, చొంగలో రక్తము కనబడుట, కాలితో మూతిని రుద్దుకొనుట.
• కంటి క్రింద లేక దవడ మీద వాపు.
• పిల్లి తన ఒంటిని నాకి శుభ్రము చేసికొనుట మానుట.

వైద్యుడు ఏమి చేయును?

మొదట వైద్యుడు పెదవులను ఎత్తి పండ్లను, చిగుళ్లను చూచును. కాని "నోరు బాగా తెరువు" అనిన మీరు తెరచినట్లు పిల్లి తెరువదు గదా! అందుచేత పూర్తి పరీక్షకు మత్తుమందు ఇచ్చి నిద్రపుచ్చవలెను. ఊపిరి సరిగా ఆడుటకు, నోటిలోని నీరు ఊపిరితిత్తులలోనికి పోకుండుటకు శ్వాసనాళములో ఒక గొట్టమును ఉంచుదురు.

అటు పిమ్మట, గీతలు గల సన్నని కడ్డీతో పంటికి చిగురుకు నడుమ గల సందు లోతును కొలుతురు. కుక్కలో 3 మిల్లీమీటర్లకు, పిల్లిలో 1 మిల్లీమీటరుకు మించిన లోతు వ్యాధిని తెలుపును. పంటి వేరు ఎముకలో దాగియుండును కనుక ఎక్స్‌రే తీసి లోపలి స్థితిని చూతురు. పైకి తెల్లగా కనబడు పన్ను క్రింద చీము ఉండవచ్చును.

చికిత్స వ్యాధిని బట్టి ఉండును. గారను వేగముగా కంపించు సాధనముతో చిగురు పైనను, చిగురు క్రిందను తొలగించి, పాచి త్వరగా పట్టకుండ పండ్లను నునుపు చేయుదురు. మత్తుమందు లేకుండ పైపైన గార గీకినచో పండ్లు తెల్లబడునే కాని చిగురు క్రింది వ్యాధి పోదు. ఎముక కరగి కదలు పండ్లను తీసివేయుదురు. విరిగిన పంటి వేరులోని భాగమును శుభ్రము చేసి నింపుదురు, లేదా ఆ పన్నును తీయుదురు. మందులు మాత్రమే ఇచ్చినచో వాపు తగ్గి మరల వచ్చును. మేము పూసిన పసుపు సంగతి మీకు గుర్తున్నది గదా! పండ్లన్నియు తీసివేసిన పిల్లులు కూడ గాయములు మానిన పిమ్మట మెత్తని తిండి తిని హాయిగా జీవించును.

మనము చేయదగినవి, చేయరానివి

అన్నింటికంటె మేలైనది ప్రతిదినము పండ్లు తోముట. చిన్న వయస్సులోనే అలవాటు చేయవలెను. మొదట కొన్ని దినములు పెదవిని మెల్లగా ఎత్తి, మెచ్చుకొని విడువుడు. తరువాత వ్రేలికి తడిగుడ్డ చుట్టి తుడువుడు. ఆ పిమ్మట మెత్తని చిన్న బ్రష్షుతో పండ్ల వెలుపలి వైపు తోముడు. ఇదంతయు అమ్మానాన్నలు ప్రక్కన ఉండగనే చేయవలెను.

మన పండ్లకు వాడు పేస్టును వాటికి వాడరాదు. అవి ఉమ్మివేయలేవు, మ్రింగివేయును. కొన్ని పేస్టులలో కలుపు జైలిటాల్ అను తీపి పదార్థము కుక్కల ప్రాణమునకే అపాయము. జంతువుల కొరకు చేసిన పేస్టు దుకాణములలో దొరకును. నొప్పి తగ్గునని ఇంటిలోని పారాసిటమాల్ బిళ్లను ఎన్నడును పెట్టరాదు. ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు.

ఎముకలు, రాళ్లు, కొబ్బరి చిప్పలు కొరుకనీయకుడు. మీ బొటనవ్రేలి గోటితో నొక్కిన నొక్కుపడని వస్తువు కుక్క పంటికి మిక్కిలి గట్టిది. ఈ పరీక్ష నాకు చిన్ననాడు తెలిసియుండిన టైగర్ అంత బాధపడి యుండెడిది కాదు.

మరియొక హెచ్చరిక. వీధికుక్కల నోటిని, తెలియని కుక్కల నోటిని ముట్టుకొనరాదు. మన దేశములో సారవాక్ రాష్ట్రమున 2017లో పిచ్చికుక్క వ్యాధి బయటపడినది. చొంగ కారుట ఆ వ్యాధికి కూడ గుర్తు. ఏ కుక్కయైనను, పిల్లియైనను కరచినచో వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో చాలసేపు కడిగి, పెద్దలకు చెప్పి, ఆసుపత్రికి పోవలెను.

విద్యార్థులారా, మీ ఇంటిలో కుక్కయో పిల్లియో ఉన్నచో, ఈ వారము అమ్మానాన్నల సహాయముతో దాని పెదవిని మెల్లగా ఎత్తి చూడుడు. చిగుళ్ల రంగు ఏమి? గార ఉన్నదా? వాసన ఎట్లున్నది? చూచినదానిని అయిదు తెలుగు వాక్యములలో వ్రాసి తరగతికి తీసికొని రండు. మీ ఇంటిలో లేనిచో పొరుగువారిని అడిగి వ్రాయుడు. ఏదైన తేడా కనబడినచో ఆ వాక్యములను ముందుగా మీ పెద్దలకు చదివి వినిపింపుడు. నోరులేని జీవి చెప్పలేని మాటను మీరు చెప్పినవారగుదురు.