ముద్రించిన వేగం – దాగిన శక్తి

కుమ్మరి ఆవం నుండి దించిన కుండలన్నీ ఒకే మట్టితో చేసినవే అయినా, తట్టి చూస్తే ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా మోగుతుంది. కంప్యూటర్ ప్రాసెసర్ల విషయమూ అంతే. ఒకే సిలికాన్ పలకపై తయారైన చిప్‌లలోనూ సూక్ష్మమైన తేడాలు ఉంటాయి. తయారీదారులు వాటిని పరీక్షించి, నిలకడగా పనిచేయగల వేగాన్ని నిర్ణయించి అమ్ముతారు. ఆ వేగం సంస్థ ఇచ్చే హామీ మాత్రమే. చిప్ శక్తికి అది హద్దు కాదు. హామీని మించిన వేగంతో ప్రాసెసర్‌ను నడపడమే ‘ఓవర్‌క్లాకింగ్’.

మరి ఏ ప్రాసెసర్‌లో ఇటువంటి అదనపు శక్తి దాగి ఉంటుంది? 1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ ఇందుకు చక్కని ఉదాహరణ. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు అందించే 66 మెగాహెర్ట్జ్ స్పందనను నాలుగున్నర రెట్లు చేసుకొని అది ఆ వేగాన్ని పొందేది. ఆ గుణకాన్ని మార్చే వీలు లేదు. కాని బోర్డు స్పందనను 100కు పెంచితే, అదే గుణకంతో వేగం 450కి చేరేది! నాటి పెంటియం 2 శ్రేణిలో అత్యధిక వేగమూ అదే. ధర మాత్రం అందులో మూడో వంతు కూడా లేదు.

ఇది కేవలం అదృష్టం కాదు. ఆ ఖరీదైన పెంటియంను చేసిన 0.25 మైక్రాన్ పద్ధతిలోనే దీనినీ చేశారు. పెంటియం 2లో క్యాష్ మెమరీ విడి చిప్‌లలో ఉండి సగం వేగంతో పనిచేసేది. సెలెరాన్‌లో 128 కిలోబైట్ల క్యాష్ ప్రాసెసర్‌లోనే ఇమిడి, దానితో సమాన వేగంతో నడిచేది. చౌక రకం కావలసి వచ్చింది కనుక తక్కువ వేగం ముద్రించారు. ఎంపికలో చూడవలసినది ఈ కారణాన్నే.

అన్ని 300ఎలూ 450ని అందుకోలేదు. కొన్నింటికి వోల్టేజి కొంత పెంచవలసి వచ్చేది. ఇక్కడే జాగ్రత్త అవసరం. వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వోల్టేజి 10 శాతం పెంచితే, వేగం మారకున్నా వేడి దాదాపు 21 శాతం పెరుగుతుంది. కంప్యూటర్ ఆగిపోతే లోపం కంటికి కనిపిస్తుంది. చప్పుడు లేకుండా లెక్క తప్పితేనే అసలు ప్రమాదం. హామీ పత్రం చెల్లకపోవచ్చు కూడా.

నేడు ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా పేరు చివర ‘కె’ అక్షరం ఉన్నవాటికే గుణకాన్ని పెంచే వీలుంది. అందుకు తగిన మదర్‌బోర్డూ కావాలి. 2017లో మొదలైన ఎ.ఎం.డి. రైజెన్ శ్రేణిలో చాలావాటికి ఆ వీలుంది. అయితే ఇప్పటి ప్రాసెసర్లు ఉష్ణోగ్రతను గమనించుకుంటూ తమ వేగాన్ని తామే హద్దుల దాకా పెంచుకుంటాయి. కొన్నవారికి మిగిలేది స్వల్పమే; 300 నుండి 450కి దూకడం వంటిది వాటిలో ఆశించలేం.